చుక్కదాని గుంజ

దర్శి
4 నవంబరు 2025

అల్లాబక్షుకు అక్క ఖాదర్‌బీ రాసేది.

సలాము చెప్పి మొదలుపెట్టడం మన ఇంటి పద్ధతి కాబట్టి సలాము. అంతకుమించి నీ క్షేమం అడిగే మనసు నాకిప్పుడు లేదు.

ఆదివారం పొద్దున పాలకేంద్రం దగ్గర నువ్వన్న మాట రెండు రోజులుగా నా చెవుల్లోనే ఉంది. కేంద్రం నడిపే శ్యామ్ సుందర్ నా క్యాను మూడోసారి వెనక్కి నెట్టి, కాస్తే విరిగిపోతున్నాయమ్మా అన్నాడు. అది ఆయన ఉద్యోగం. నువ్వో? పశువుల శాఖలో పనిచేసే తమ్ముడివి, చుట్టం చూపుగా వచ్చినవాడివి, నా తరఫున ఒక్క మాట చెబుతావనుకున్నాను. ఏడుగురు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే "జబ్బు బర్రెల్లో లేదక్కా, నీ చేతుల్లో ఉంది" అన్నావు.

నమాజు కోసం రోజుకు ఐదుసార్లు కడుక్కునే చేతులురా ఇవి. అమ్మ మంచాన పడ్డ ఏడాది నీకు తల దువ్వి బడికి పంపిన చేతులు. వాటిని పట్టుకుని ఊరందరి ముందు అంత మాట ఎలా వచ్చింది నీ నోట?

నీ మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. పక్కింటి జమీలా పన్నెండేళ్ళ నుంచి మన పాలే పోయించుకుంటోంది. నిన్న ఆమె చెంబు రాలేదు. అడిగితే, పిల్లలకు కడుపులో బాగాలేదు, నాలుగు రోజులు ఆపుతాను అంది. నా మొహం చూడకుండా అంది. శ్యామ్ సుందర్ ఇంకో కబురు కూడా చెప్పాడు. ఇంకొక్కసారి పాలు వెనక్కొస్తే కేంద్రంలో నా పేరు కొట్టేస్తారట. ఉన్నవి అయిదు బర్రెలు. బోడిదానికి సెప్టెంబరులోనే ఒక చన్ను ఎండిపోయింది. పేరు కూడా కొట్టేస్తే వీటిని సంతకు తోలడం తప్ప నాకు దారి లేదు. ఆ సంగతి నీకు తెలిసే అన్నావా, తెలియక అన్నావా?

నువ్వు బస్సులో పంపిన పెట్టె వచ్చింది. లోపల నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెం, వంకాయ రంగు మందు సీసా, ఇంగ్లీషు కాగితం. పెట్టెను చొప్పవామి మీద పడేశాను.

ఫోను చెయ్యకు. నీ నంబరు రాకుండా మా పిల్ల నగ్మాతో తీయించేశాను. మీ బావ ఫోను మిరపచేని కాలవలో పడి పోయింది, ఆ దారీ లేదు. చెప్పేదేమైనా ఉంటే కూర్చుని కాగితం మీద రాయి. రాసేటప్పుడైనా ఆలోచిస్తావు.

ఖాదర్‌బీ


వాడరేవు
8 నవంబరు

అక్కకు అల్లాబక్షు సలాములు.

ఉత్తరం అందింది. నేను ఉత్తరం రాసి పదిహేనేళ్ళయింది, పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నవ్వింది. నీ కోపం చూశాక నాకు నవ్వు రాలేదు.

అందరి ముందు అనడం తప్పు. ఒప్పుకుంటున్నాను. అయితే నువ్వు చేసింది కూడా చెబుతాను, విను. బోడిదానికి చన్ను వాచినప్పుడు నాకు చెప్పలేదు. పాలు మొదటిసారి వెనక్కొచ్చినప్పుడు చెప్పలేదు. రెండోసారీ చెప్పలేదు. మూడోసారి నా కళ్ళ ముందే వెనక్కొస్తే, కేంద్రం ఇచ్చిన దాణాలో పత్తిచెక్క బాగాలేదని శ్యామ్ సుందర్ మీదే తగువుకి వెళ్ళావు. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడ ముక్కూ మొహం తెలియని రైతులు చిన్న వాపుకి కూడా నన్ను పిలుస్తారు. సొంత అక్కకి మాత్రం నేను ఇంకా నిక్కరేసుకున్న బక్షూనే.

నేనన్నది శుభ్రం గురించి కాదు. పొదుగువాపు ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేది చాలావరకు పిండే చేతుల మీదుగానే. ఎవరి చేతులైనా అంతే. పైగా ఈ జబ్బు సగం కనపడదు. పొదుగు వాచదు, బర్రె మేత మానదు, పాలు తెల్లగానే ఉంటాయి. లోపల మాత్రం చన్ను చెడిపోతూ ఉంటుంది. బోడిదానిలా ఎండిపోయాక గానీ మనకు తెలియదు. తెలుసుకోవడానికే ఆ పెట్టె.

చొప్పవామి మీద నుంచి దించు. పళ్ళెంలో నాలుగు గుంటలున్నది నాలుగు చన్నుల కోసం. మొదటి రెండు మూడు ధారలు నేల మీద వదిలేసి, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కొంచెం పాలు పిండు. పాలెన్ని ఉన్నాయో అంత మందు పొయ్యి. పళ్ళెం పట్టుకుని గుండ్రంగా తిప్పు. పది లెక్కపెట్టేలోపు తెలిసిపోతుంది. నీళ్ళలా కదిలితే ఆ చన్ను మంచిది. జిగురు కడితే జబ్బుంది. ఎంత చిక్కబడితే అంత ముదిరినట్టు. చూశాక ఆ పాలు పారబోసి పళ్ళెం కడుగు. ఇంతే. దీనికి డాక్టరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

ఇక్కడ శని ఆదివారాలు సముద్రానికొచ్చే జనం ఎండుచేపల పక్కన కట్టేసిన బర్రెలతో ఫొటోలు దిగుతున్నారు. ఇవాళ ఒకాయన చెప్పుల్లేని కాలు తొక్కించుకుని నన్ను మందు రాయమన్నాడు. నేను పశువులకే రాస్తానంటే ఆయనకు కోపమొచ్చింది. నీకంటే తక్కువే.

నీ తమ్ముడు
అల్లాబక్షు


దర్శి
16 నవంబరు

అల్లాబక్షుకు,

నీ పరీక్ష చేశాను. సంతోషమేనా?

నీ ఉత్తరం వచ్చిన రోజే జమీలా గోడ మీద నుంచి తొంగిచూసి, మీ తమ్ముడు నా ఫోనుకి చేశాడు, లైనులో ఉన్నాడు రా అని పిలిచింది. నా పాలు మానేసిన మనిషి ఫోనులో నేను మాట్లాడాలా? రానన్నాను. ఆమె కాసేపు విని, "చుక్కదానికి మాత్రం ఆ పరీక్ష చెయ్యొద్దంటున్నాడు" అని అరిచి లోపలికి పోయింది.

ఎందుకు చెయ్యొద్దు? నువ్వొచ్చిన ఆదివారం చుక్కదాని పొదుగు తడిమి, వారంలో ఈనుతుందక్కా అన్నది నువ్వే. అప్పుడే నీ చేతికి ఏదో తగిలి ఉంటుంది. నాకు చెప్పకుండా దాచి, తీరా పరీక్షలో బయటపడుతుందని భయపడ్డావు. అందుకే దానికే ముందు చేశాను.

చుక్కది తొమ్మిదో తేదీన ఈనింది. తొలిచూలు, పడ్డదూడ పుట్టింది. అమ్మ ఇచ్చిన పెద్దదాని కడుపున పుట్టి మన కొట్టంలోనే పెరిగిన బర్రె. ఈనిన నాలుగో రోజు దాని కింద కూర్చుని నువ్వు చెప్పినట్టే చేశాను. మందు పొయ్యగానే నాలుగు గుంటలూ చిక్కబడిపోయాయి. పళ్ళెం వంచినా జారలేదు. నేను పది లెక్కపెట్టలేదు, నాలుగు దగ్గరే ఆగిపోయాను.

జున్నుపాలు వీధిలో పంచాల్సినవి, ఎరువుగుంటలో పోశాను. మర్నాడు అద్దంకి బేరగాడు వచ్చాడు. దాన్ని ఉంచితే మిగతావాటికి అంటుకుంటుంది, ఇంకోసారి పాలు వెనక్కొస్తే నా పేరు పోతుంది. నాలుగింటిని కాపాడుకోవాలని ఒకదాన్ని వదులుకున్నాను. పొదుగులో జబ్బుందని బేరగాడికి దాచకుండా చెప్పాను. దూడతో సహా తోలుకుపోయాడు. అది సందు మలుపు దాకా వెనక్కి చూస్తూనే పోయింది. నేను కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాను. నగ్మా చూసింది.

మిగతావాటికి చెయ్యను. ఇంకో కబురు వినే ఓపిక నాకు లేదు. నీ పళ్ళెం మళ్ళీ వామి మీదే ఉంది.

ఖాదర్‌బీ


వాడరేవు
20 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. చదివి సెలవు చీటీ కూడా రాయకుండా బండేసుకుని అద్దంకి పోయాను. బేరగాడు దొరికాడు. చుక్కదాన్ని మూడు రోజుల కిందే నరసరావుపేట వైపు వాళ్ళకి అమ్మేశాడు. కొన్నవాడి పేరు తెలియదన్నాడు. ఈ ముక్క రాసేటప్పటికి చీకటి పడుతోంది, ఇంకా అన్నం తినలేదు.

అక్కా, చుక్కదానికి ఏ జబ్బూ లేదు. కొత్తగా ఈనిన ఏ బర్రెకు చేసినా ఆ మందు అలాగే చిక్కబడుతుంది. జున్నుపాల గుణం అది. వారం పది రోజులు ఆగి చెయ్యాలి. వట్టిపోయే ముందు కూడా అంతే. నీకు ఉత్తరం పోస్టులో వేశాక గుర్తొచ్చింది ఈ వారమే అది ఈనుతుందని. అందుకే జమీలాకి ఫోను చేశాను. చుక్కదానికి చెయ్యొద్దని చెప్పు, ఈనగానే చేస్తే తప్పు చూపిస్తుంది అన్నాను. ఆమె మొదటి సగం అరిచి ఫోను పెట్టేసింది.

నువ్వు ఆ పది అడుగులు నడిచి ఫోను అందుకుని ఉంటే బర్రె ఇంట్లో ఉండేది. ఇది నేను అనకుండా ఉండలేను. పౌరుషం ఎవరి మీద చూపించావు? అమ్మేముందు ఒక్క రోజు ఆగావా? ఎవరినైనా అడిగావా? మీ ఊళ్ళో డాక్టరు లేడా? ఈనేదాకా నీ చెయ్యి కూడా పడని పొదుగది. నీ కొట్టం మొత్తంలో మంచిదని నేను ప్రమాణం చేసి చెప్పగలిగింది అదొక్కటే.

నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఇంగ్లీషు కాగితంలో ఉందిలే అనుకున్నాను. ఆ కాగితం నీకు ఎవరు చదివిపెడతారని ఆలోచించలేదు. దానికి నన్ను ఎంత తిట్టినా పడతాను.

అయినా మిగతా నాలుగింటికి నువ్వు పరీక్ష చెయ్యాలి. అవి ఈని చాలా నెలలైంది, వట్టిపోయే రోజులూ ఇంకా రాలేదు, తప్పు చూపించదు. ఏ చన్ను ఎలా ఉందో విడివిడిగా రాయి. ఏ బర్రెను ముందు పిండుతావో, ఏది తరువాతో ఆ వరస కూడా రాయి. ఇది బతిమాలుకోవడమే అనుకో.

అల్లాబక్షు


దర్శి
30 నవంబరు

అల్లాబక్షుకు,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు పాలు పిండే వేళ తప్ప దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మీ బావ నాకు జ్వరమనుకుని మిరియాల కషాయం పెట్టించాడు.

నేను నడవలేదు, నిజమే. నువ్వు రాయలేదు. జమీలా సగమే చెప్పింది. ముగ్గురం కలిసి ఒక మంచి బర్రెను ఇంట్లోంచి వెళ్ళగొట్టాం. నువ్వు నా పౌరుషం గురించి ఒక పేజీ రాశావు, నీ మతిమరుపు గురించి మూడు ముక్కలు రాశావు. చదువుకున్నవాళ్ళ లెక్క ఇలాగే ఉంటుంది కాబోలు. దాని గుంజ ఖాళీగా ఉంది. పలుపు ఇంకా దానికే కట్టి ఉంది. పొద్దున పేడ తీసేటప్పుడు అలవాటుగా అటు తిరుగుతున్నాను.

పరీక్ష చేశాను. నిన్ను నమ్మి కాదు. చుక్కదాన్ని ఊరికే పోగొట్టుకున్నాను అనిపించుకోవడం ఇష్టం లేక చేశాను. నగ్మా పక్కన నిలబడి రాసింది.

మా వరస నీకు తెలియంది కాదు. అమ్మ పెద్దదాన్ని నాకు తోలిచ్చినప్పుడు, ముందు దీని కింద కూర్చున్నాకే మిగతావాటి దగ్గరికి పో అంది. అది మొదలు రెండు పూటలా పెద్దదే ముందు. తరువాత బోడిది, ఆ తరువాత ఎర్రది, చివర ముర్రా జాతి బర్రె.

పెద్దదానికి మూడు చన్నులు కాస్త కాస్త చిక్కబడ్డాయి. వెనక ఎడమ చన్ను గుంట మాత్రం బెండకాయ జిగురులా సాగింది. బోడిదానికి ఎండింది పోగా రెండు చన్నుల్లో జిగురు. ఎర్రదానికి ఒకదాంట్లో, అదీ పలచగా. ముర్రాకి నాలుగూ నీళ్ళలా తిరిగాయి.

నగ్మా కాగితం నా చేతికిచ్చింది. పై నుంచి కిందికి చూశాను. నేను కూర్చునే వరసలోనే జబ్బు తగ్గుతూ వచ్చింది. నువ్వు చెప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది. అమ్మ ఎలా చేసేదో నేనూ అలాగే చేస్తాను. పెద్దదాన్ని పిండాక ఆ పాలతోనే చేతులు తడుపుకుని రెండోదాని దగ్గర కూర్చుంటాను. పెద్దదాని పాలు అంటితే మిగతావి బాగా చేపి పాలు వదులుతాయని అమ్మ నమ్మకం. చేతులు కడుక్కుంటే ఆ బర్కతు, ఆ కలిసొచ్చే గుణం పోతుందని కడుక్కోను. నమాజుకు ఐదుసార్లు కడిగాను. పొదుగుకీ పొదుగుకీ మధ్య ఒక్కసారీ కడగలేదు.

నువ్వన్నదే నిజం. జబ్బు నా చేతుల్లోనే ఉంది. రాసిచ్చాను, దాచుకో. బోడిదాని చన్ను నేనే ఎండబెట్టాను. ఇది రాస్తుంటే నీ మీద కోపం ఇంకా పెరుగుతోంది, ఎందుకో నాకే తెలియదు.

పెద్దదాని సంగతి ఏం చెయ్యాలో చెప్పు. దాన్ని కూడా తోలెయ్యమంటావా? ఆ వెనక ఎడమ చన్ను, నువ్వు చదువుకునే రోజుల్లో వాచింది చూడు, అదే. సెలవుల్లో వచ్చి చన్నులోకి మందు ట్యూబు ఎక్కించి ఒక్క రోజులో వాపు దించావు. మా బామ్మర్ది చెయ్యి పడితే చాలని మీ బావ వీధంతా చెప్పుకున్నాడు. అంత బాగా నయం చేసిన చన్నుకే మళ్ళీ ఎలా వచ్చిందో.

ఖాదర్‌బీ


వాడరేవు
5 డిసెంబరు

అక్కా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను.

ఆ ట్యూబు సంగతి నేను మర్చిపోయాను. నీ ఉత్తరం చివర చూసేదాకా నిజంగా గుర్తులేదు. ఇప్పుడు అంతా గుర్తొస్తోంది. ఆ రోజు నాకు కాలేజీ డాక్టరుగారు ఇచ్చినవి మూడు ట్యూబులు. రోజుకొకటి చొప్పున మూడు రోజులు ఎక్కించాలి. మొదటిదాని మూత పళ్ళతో కొరికి తీశాను. చన్ను మొనను స్పిరిటుతో తుడవలేదు, నా చేతులు కూడా కడుక్కోలేదు. చొక్కాకి తుడుచుకున్నానంతే. మర్నాటికి వాపు దిగింది. బావ వీధిలో నన్ను పొగుడుతుంటే విన్నాను. పని అయిపోయిందనుకుని స్నేహితులతో కొత్తపట్నం సముద్రానికి పోయాను. మిగిలిన రెండు ట్యూబులు నా సంచిలోనే ఉండిపోయాయి. హాస్టలుకి పోయాక పారేశాను.

వాపు దిగినంత మాత్రాన లోపలి జబ్బు పోదు. సగం మందు పడితే అణిగి కూర్చుంటుంది. ఈ మాట ఇక్కడి రైతులకు నేను రోజూ చెబుతాను. పూర్తిగా వాడకపోతే కసురుకుంటాను కూడా. ఆ చన్నులో అయిదేళ్ళ నుంచి కూర్చున్నది నేను సగంలో వదిలేసిందే అక్కా. అక్కడి నుంచి బోడిదానికీ ఎర్రదానికీ పాకింది. అమ్మ పాలతో చెయ్యి తడుపుకోవడం నేను చిన్నప్పుడు రోజూ చూశాను. చదువుకున్నాక ఒక్కసారైనా ఆ సంగతి తలుచుకుని నీకు చెప్పాల్సింది. అదీ చెప్పలేదు.

జబ్బు నీ చేతుల్లో పుట్టలేదు. నా చేతుల్లో పుట్టింది. నీ చేతులు మోశాయి, అంతే. పాలకేంద్రం దగ్గర ఆ మాటన్నవాడిని నేను. నా మీద నాకు ఎంత అసహ్యంగా ఉందో రాయలేను.

పెద్దదాన్ని తోలొద్దు. రేపటి నుంచి వరస తిరగెయ్యి. ముర్రా ముందు, ఎర్రది, బోడిది, అన్నిటికంటే చివర పెద్దది. ఒక్కోదానికి ముందు సబ్బుతో చేతులు కడుగు. పాలతో తడుపుకోవద్దు. పిండాక చన్నులు ఒక్కోటి అయోడిన్ మందులో ముంచు, సీసా ఈ ఉత్తరంతోపాటు బస్సులో పంపుతున్నాను. పిండగానే పడుకోనివ్వకుండా మేత వెయ్యి, చన్ను రంధ్రం మూసుకునేదాకా నిలబడాలి. చిక్కబడిన చన్నుల పాలు కేంద్రానికీ పోయొద్దు, ఇంట్లోకీ వద్దు. దర్శి డాక్టరుగారితో మాట్లాడాను. పాలు ల్యాబుకి పంపి, ఏ మందు పనిచేస్తుందో తెలుసుకుని, దాన్నే పూర్తిగా వాడతారు. ఈసారి సగంలో ఎవరూ వదలరు.

ఈ కాగితాన్ని నగ్మాతో పాలకేంద్రం దగ్గర అందరి ముందు చదివించు. నేనన్న మాట ఎంతమంది విన్నారో అంతమంది ఇదీ వినాలి.

అల్లాబక్షు


దర్శి
17 డిసెంబరు

ఒరేయ్ బక్షూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు, నువ్వు ఎదురుగా ఉంటే చేతిలో ఉన్న పాల చెంబు నీ నెత్తిన విసిరేదాన్ని. సముద్రానికి పోయావా. నిన్ను పొగుడుతున్న వీధిలోంచే నడిచి బస్సెక్కి సముద్రానికి పోయావా.

వరస తిరగేశాను. మొదటి రోజు ముర్రా కింద కూర్చోగానే పెద్దది గుంజను కొమ్ములతో కుమ్మింది. మూడు రోజులు అరిచింది. దాని దగ్గరికి వెళ్ళేసరికి చేపేది కాదు, మొహం తిప్పుకునేది. పధ్నాలుగేళ్ళుగా ముందు నిలబడ్డ బర్రె, దానికెలా చెప్పను? ఇప్పుడిప్పుడే అలవాటు పడుతోంది. ల్యాబు కాగితం వచ్చింది. డాక్టరుగారు బోడిదానికీ ఎర్రదానికీ మందు మొదలుపెట్టారు. పెద్దదాని వెనక ఎడమ చన్ను ఇక రాదన్నారు. దాన్ని ఎండబెట్టి మిగతా మూడింటితో ఉంచుకోమన్నారు. నిన్న ఎర్రదానికి మళ్ళీ నీ పళ్ళెం పట్టాను. తేడా కనపడుతోంది.

ఈ పది రోజుల్లో నా క్యాను వెనక్కి రాలేదు. శ్యామ్ సుందర్ పేరు కొట్టేసే మాట ఎత్తడం లేదు. ఇవాళ పొద్దున జమీలా చెంబు గోడ మీద పెట్టి ఉంది. ముర్రా పాలు పోసి పెట్టాను. సాయంత్రం ఆమె వచ్చి తన బర్రెకూ పరీక్ష చేసిపెట్టమంది. ఈని ఎన్నాళ్ళయిందని ముందు అడిగాను.

నీ ఉత్తరాన్ని పాలకేంద్రానికి తీసుకెళ్ళిన మాట నిజం. నగ్మా కాగితం విప్పింది. వరసలో వాళ్ళంతా ఇటు తిరిగారు. అప్పుడు దాని చేతిలోంచి లాక్కున్నాను. నన్ను అన్నది నీ నోరు. నీ నోటితో చెప్పాల్సింది కాగితం చెబితే నాకు సరిపోదు. నువ్వు మా ఇంటికి రాకుండా అక్కడ కూర్చుని మంచివాడివి అయిపోదామనుకుంటున్నావు.

చుక్కదాని గుంజ అలాగే ఉంది. ఆ విషయంలో నిన్ను క్షమించలేదు, నన్ను నేనూ క్షమించుకోలేదు. ఇద్దరం ఆ గుంజను చూస్తూ బతకాల్సిందే.

ఆదివారం పొద్దున్నే రా. క్యాను నువ్వే మోసుకుని నాతో పాలకేంద్రానికి నడు. అందరూ వచ్చేదాకా ఆగి, ఆ రోజు అన్నంత గట్టిగా చెప్పు. నేను పక్కనే నిలబడతాను. ఆ రోజు నువ్వు నిలబడలేదు, నేను నిలబడతాను.

అంతకంటే ముందు పెద్దదాని కింద కూర్చోవాలి. ఆదివారం దాన్ని నేను పిండను, నీ కోసం చివర వదిలేస్తాను. సబ్బును చుక్కదాని పలుపుతో దాని గుంజకే కట్టించాను, బకెట్లో నీళ్ళు ఉంటాయి. ముందు చేతులు కడుక్కో.

అక్క